చుక్క ముందు స్లాష్ ఏదండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ కంప్యూటర్ పేజీలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఫోల్డర్‌లో ఫైళ్లు ఏరడం గురించి వేశారు కదా, అది చూసి అలాగే చేసి చెయ్యి కాల్చుకున్నాను, అందుకే ఈ ఉత్తరం.

పాత లాగ్ ఫైళ్లు (ప్రోగ్రాములు తాము చేసిన పని రాసుకునేవి) తీసేయడానికి మీరిచ్చిన ప్యాటర్న్ ఉత్త 'డాట్ లాగ్', అంతే. ప్యాటర్న్‌తో వెతికిపెట్టే రీ డాట్ సెర్చ్‌లో పెట్టి రన్ చేశా, లాగ్ ఫైళ్లతో పాటు కేటలాగ్ అని పేరున్న వర్డ్ ఫైలు కూడా ఎగిరిపోయింది. బుర్ర గోక్కోగా గోక్కోగా తేలిందేంటంటే రెజెక్స్‌లో, అంటే ఇలా ప్యాటర్న్‌లు రాసే పద్ధతిలో, చుక్క (డాట్) అంటే చుక్క కాదు, ఏదో ఒక క్యారెక్టర్ అని, కేటలాగ్ ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఎల్ ఓ జీ ముందు ఏ ఉంది కదా, ఆ ఏ వచ్చి చుక్క సీట్లో కూర్చుంది. పైగా సెర్చ్ అనేది పేరులో ఎక్కడున్నా పట్టేస్తుంది. ఇది ఉత్త చుక్కే అని చెప్పడానికి చుక్క ముందు బ్యాక్‌స్లాష్, పేరు అక్కడితో అయిపోవాలని చివర డాలర్ గుర్తు పెట్టుంటే నా ఫైలు బతికేది. ఫైలు చెరిపేసే ఓఎస్ డాట్ రిమూవ్‌తో పోయింది రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు!

షెల్ (కమాండ్లు టైపు చేసే చోటు, అక్కడ స్టార్ అంటే ఏ పేరైనా అని) అలవాటు కొద్దీ 'స్టార్ డాట్ లాగ్' అని ఇచ్చినా నయమే, 'నథింగ్ టు రిపీట్' అని ఎర్రర్ కొట్టి ఆగేది. రెజెక్స్‌లో స్టార్ అంటే ముందున్నది ఎన్నిసార్లైనా, అసలు లేకపోయినా సరే అని అర్థం (క్లేనీ అనే లెక్కల ఆయన పేరు మీద క్లేనీ స్టార్ అంటారు), ముందు ఏమీ లేకపోతే దేన్ని రిపీట్ చేస్తుంది పాపం. అయినా ఎక్స్‌టెన్షన్ (ఫైలు పేరు చివరి తోక) ఒక్కటే చూడాలంటే, పేరు దేనితో ముగిసిందో చెప్పే ఎండ్స్‌విత్ చాలదా?

ఇంకోటి, తెలుగు పేపరు కాబట్టి అడుగుతున్నా, తెలుగు పేర్లున్న ఫైళ్ల మీద మీవాళ్లు ట్రై చేశారా? పైథాన్ 3 మామూలు రీ మాడ్యూల్‌లో 'బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్'ని (వరుసగా ఉన్న అక్షరాలు, అంకెలు పట్టమని అర్థం) 'తెలుగు' అన్న మాట మీద, దొరికినవన్నీ ఇచ్చే ఫైండాల్‌తో నడిపితే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది, ఎత్వం కొమ్ము దాని లెక్కలో అక్షరాలు కావట. పెర్ల్ అనే ఇంకో భాషలో అయితే, డీకోడ్ (బైట్లని అక్షరాలుగా మార్చడం) సరిగ్గా చేస్తే, మాట మాటలాగే వస్తుంది. విచిత్రం ఏంటంటే అదే పైథాన్‌లో అంకెల్ని పట్టే బ్యాక్‌స్లాష్ డి మాత్రం ౧, ౨ లాంటి తెలుగు అంకెల్ని కూడా చక్కగా గుర్తుపడుతుంది.

సవరణ వేస్తే మాత్రం రిమూవ్ లైను తీసేసి ముందు ప్రింట్ లైను పెట్టి వేయండి, నాలాగా ఉన్నదున్నట్టు కాపీ కొట్టేవాళ్లు కనీసం లిస్టు చూసుకుంటారు.

ఇట్లు,
కేటలాగ్ మళ్లీ మొదటినుంచి టైపు చేస్తున్న ఒక పాఠకుడు