మొదటి కీమోకు ముందే అడగాల్సిన ప్రశ్న

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను సూర్యాపేట జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. క్యాన్సర్‌కూ మరికొన్ని తీవ్రమైన జబ్బులకూ ఇచ్చే మందుల వల్ల చిన్న వయసులోనే అండాశయాలు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉందనీ, ఆ నష్టాన్ని ఎదుర్కొనే మార్గాలు ఉన్నాయనీ అమ్మాయిలకు చికిత్స మొదలుకాక ముందే చెప్పడం ప్రతి ఆసుపత్రిలో తప్పనిసరి కావాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

2019లో, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా, మా అమ్మాయికి తొడ ఎముకలో యూయింగ్ సార్కోమా అనే క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. అప్పటికి తన వయసు 19. హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో బయాప్సీ రిపోర్టు చేతికి వచ్చిన రోజుకూ మొదటి కీమో ఎక్కించిన రోజుకూ మధ్య 16 రోజులు గడిచాయి. ఆ రోజుల్లో స్కానింగులు జరిగాయి, గుండె పరీక్ష జరిగింది, ఛాతీలో మందులు ఎక్కించే పోర్టు అమర్చారు, అంగీకార పత్రం మీద నేనూ మా వారూ సంతకాలు చేశాం. ఆ పత్రంలో దుష్ఫలితాల వరసలో, జుట్టు రాలడం, వాంతులు, నోటిపూతల తర్వాత ఎక్కడో ఆంగ్లంలో ‘ఇన్‌ఫెర్టిలిటీ’ అనే ఒక్క మాట ఉందని రెండేళ్ల తర్వాత ఫైలు తిరగేసినప్పుడు చూశాను. నోటితో ఆ మాట ఎవరూ చెప్పలేదు. అదే డే కేర్ వార్డులో మా పక్కన కూర్చున్న ఒక అబ్బాయి తల్లిదండ్రులకు మాత్రం, కీమోకు ముందు వీర్యం భద్రపరచుకునే వీలుందని చెప్పి చీటీ రాసిచ్చారని వాళ్ల మాటల్లోనే విన్నాను. మగపిల్లలకు గుర్తుకు వచ్చిన సంగతి ఆడపిల్లల విషయంలో ఎందుకు గుర్తుకు రాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాలుగో కీమో తర్వాత నెలసరి ఆగిపోయింది. అడిగితే మందుల ప్రభావమనీ, ముందు ప్రాణం దక్కనివ్వండనీ అన్నారు. ప్రాణం దక్కింది, అందుకు ఆ వైద్యులకు మేము జీవితాంతం రుణపడి ఉంటాం. కానీ 21 ఏళ్ల పిల్ల అర్ధరాత్రి ఒంట్లో ఆవిర్లు వచ్చి, చెమటలు పట్టి లేచి కూర్చోవడం మొదలైనప్పుడు చేయించిన పరీక్షల్లో అండాశయాలను పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ ముట్లుడిగిన స్త్రీలలో ఉన్నంత ఎక్కువగానూ, అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ దాదాపు శూన్యంగానూ వచ్చాయి. రిపోర్టు చూసిన గైనకాలజిస్టు, “కీమోకు ముందు అండాలు దాచుకోలేదా అమ్మా?” అని అడిగారు. అలా దాచుకోవచ్చునన్న సంగతి మాకు తెలిసింది ఆ రోజే. ఏటా పదో తరగతి పిల్లల చేత అండాశయం బొమ్మ గీయించే నాకు ఆ ప్రశ్న ముందే తట్టనందుకు పడుతున్న బాధను ఇక్కడ వివరించలేను.

జుట్టు, నోటిలోని పొర, తెల్ల రక్తకణాలు కీమోకు దెబ్బతిన్నా తిరిగి వస్తాయి. అండాశయం సంగతి వేరు. ఆడపిల్ల పుట్టేనాటికే తన జీవితానికి సరిపడా అండాలన్నీ, సుమారు 10 నుంచి 20 లక్షలు, లోపల సిద్ధంగా ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి వాటిలో మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. పక్వమై విడుదలయ్యేవి 400కు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. ఖర్చయినవాటి స్థానంలో కొత్తవి పుట్టవు. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, బుసల్ఫాన్ వంటి మందులు నిద్రాణంగా ఉన్న అండాల డీఎన్‌ఏను కూడా దెబ్బతీస్తాయి. కటిభాగానికి ఇచ్చే రేడియేషన్ అయితే 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) లోపు మోతాదుకే సగం అండాలను నశింపజేస్తుంది. అన్ని కీమోలూ ఒకటి కావు. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్‌కు ఇచ్చే ఏబీవీడీ మందులతో ప్రమాదం తక్కువ, ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే మందులతో చాలా ఎక్కువ. వయసును బట్టి, మోతాదును బట్టి కూడా మారుతుంది. ఎవరికి ఎంత ప్రమాదమో తెలిసినవారు క్యాన్సర్ వైద్యులైన ఆంకాలజిస్టులే కాబట్టి ఈ మాట మొదలుపెట్టాల్సిన బాధ్యత కూడా వారిదే. ఇది క్యాన్సర్ ఒక్కదాని విషయమూ కాదు. రోగనిరోధక శక్తి సొంత ఒంటినే దెబ్బతీసే లూపస్ జబ్బు కిడ్నీలకు సోకినప్పుడు ఇచ్చేదీ చాలాసార్లు ఆ సైక్లోఫాస్ఫమైడే. తలసీమియా, సికిల్‌సెల్ ఉన్న ఆడపిల్లలకు మజ్జ మార్పిడి చేసేటప్పుడు ఎదురయ్యేదీ ఈ ప్రమాదమే. సికిల్‌సెల్ మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఎంతగా ఉందో పాఠకులకు తెలిసినదే.

మార్గాల విషయానికి వస్తే, రజస్వల అయిన అమ్మాయిలకు 10 నుంచి 14 రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి, పక్వమైన అండాలను కొద్దిసేపు మత్తులో సూదితో బయటకు తీసి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద భద్రపరుస్తారు. నెలసరి వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా ఇప్పుడు లేదు. ఏ రోజునైనా మొదలుపెట్టవచ్చు. హార్మోన్లకు స్పందించే రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఈస్ట్రోజన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్రలు కలిపి ఇస్తారు. పెళ్లికాని పిల్లకు యోని ద్వారా స్కానింగు, సూది అంటే మన ఇళ్లలో తల్లులు అక్కడికక్కడే వద్దంటారు. అవసరమైతే పొట్ట మీదుగా కూడా అండాలు తీసే వీలుందని చెబితే ఆ వెనుకాడటం చాలావరకు తగ్గుతుంది. మా ఇంట్లో గడిచిన ఆ 16 రోజులు దీనికి సరిపోయేవి. ఈ లెక్క నా మనసులో ఎన్నిసార్లు వేసుకున్నానో చెప్పలేను.

అన్ని రోజులు ఆగలేని రోగికీ, ఇంకా రజస్వల కాని చిన్నపిల్లకూ మరో దారి ఉంది. పొట్ట మీద చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ ద్వారా ఒక అండాశయాన్ని గానీ దాని పైపొర ముక్కలను గానీ తీసి గడ్డకట్టించి దాచి, జబ్బు నయమైన తర్వాత తిరిగి అమరుస్తారు. ఇలా అమర్చిన కణజాలంతో తొలి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. ఇప్పటికి ప్రపంచంలో 200 మందికి పైగా పిల్లలు ఈ పద్ధతిలో పుట్టారు. రజస్వల కాకముందే కణజాలం దాచుకుని, పెద్దయ్యాక తల్లులైన సికిల్‌సెల్, తలసీమియా రోగులూ ఉన్నారు. లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్నవారికి మాత్రం ఆ ముక్కతోపాటు క్యాన్సర్ కణాలు తిరిగి ఒంట్లోకి వెళ్లే ప్రమాదం ఉన్నందున దీన్ని సాధారణంగా సూచించరు. అండాశయాలను తాత్కాలికంగా నిద్రపుచ్చే నెలవారీ ఇంజెక్షన్లు రొమ్ము క్యాన్సర్‌లో కొంత మేలు చేస్తాయి గానీ, అండాలు దాచుకోవడానికి అవి ప్రత్యామ్నాయం కావు. దాచుకున్న అండాలు ప్రతి ఒక్కరికీ బిడ్డను ఇస్తాయన్న హామీ లేదు. అది ముందే చెప్పాలి. హామీ లేదన్నది మాట దాచడానికి కారణం కాకూడదు. హామీ లేకపోయినా కీమోకు ఒప్పుకున్నవాళ్లం మేము.

ఇవి ప్రయోగ దశలోని పద్ధతులన్న అభ్యంతరానికి కూడా కాలం చెల్లింది. సంతాన సామర్థ్యం గురించి చికిత్సకు ముందే రోగితో మాట్లాడాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2006లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అండాలను గడ్డకట్టించడం ప్రయోగాత్మకం కాదని ఆ దేశపు సంతాన వైద్య సంఘం 2012లో, అండాశయ కణజాలం విషయంలో 2019లో ప్రకటించింది.

ఇక ఖర్చు. ప్రైవేటు కేంద్రాల్లో ఈ పద్ధతుల ఖర్చు, ఆ తర్వాత ఏటేటా కట్టే నిల్వ రుసుము సామాన్య కుటుంబాలకు అందేవి కావు. ఆరోగ్య బీమా పాలసీల ప్రామాణిక మినహాయింపుల్లో సంతానలేమి చికిత్స ఉంది కనుక బీమా కంపెనీలు వీటిని కూడా ఆ గాటనే కడతాయి. ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. మా అమ్మాయికి జబ్బు పట్టిన ఎముక తీసి లోహపు ఎముక అమర్చారు. కాలు తీసేసినా క్యాన్సర్ పోయేదే. అయినా కాలును కాపాడటం చికిత్సలో భాగమని అందరూ ఒప్పుకున్నారు, దాని ఖర్చు చికిత్స ఖర్చులోనే కలిసింది. అండాశయాన్ని కాపాడటం కూడా అలాంటిదే అవుతుంది గానీ సంతానలేమి చికిత్స ఎలా అవుతుంది? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కీమోకు, రేడియేషన్‌కు, శస్త్రచికిత్సకు డబ్బు చెల్లిస్తోంది. ఆ మందు చేసే నష్టాన్ని నివారించే చికిత్సను కూడా తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ క్యాన్సర్ ప్యాకేజీలోనే కలపాలి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభమైంది. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మా అనుభవం ఈ రెండింటికీ సంబంధించినది కాదు. ఒకే నగరంలోని ఈ రెండు ప్రభుత్వ సంస్థల మధ్య ఇలాంటి రోగులను రెండు మూడు రోజుల్లో పంపి చూపించే ఏర్పాటు చేయడం పెద్ద పని కాదని మాత్రం అనుకుంటున్నాను.

చట్టం గురించి కూడా ఒక విన్నపం ఉంది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టం ప్రకారం ఈ కేంద్రాల సేవలు 21 ఏళ్లు దాటి 50 ఏళ్ల లోపు ఉన్న స్త్రీలకే. డబ్బు తీసుకుని అండాలు అమ్మించే దందాలను అరికట్టడానికి వయసు గీత గీయడం సరైనదే. కానీ మా అమ్మాయిలా 19 ఏళ్లకు క్యాన్సర్ వచ్చిన పిల్ల ఈ రోజు ఒక కేంద్రం తలుపు తట్టితే, ఆ గీతను చూసి అక్కడివారు జంకితే, వాదించుకుంటూ కూర్చోవడానికి ఆమెకు ఉన్నవి ఆ రెండు వారాలే. ప్రాణావసర చికిత్సకు ముందు తన అండాలను తన కోసమే దాచుకునే రోగికి ఆ వయసు అడ్డు కాదని, అన్ని కేంద్రాలకూ అర్థమయ్యే భాషలో ప్రభుత్వం స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి.

మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. ఎముకలు గుల్లబారకుండా, గుండెకు ముప్పు రాకుండా, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ మాత్రలు వాడాలి. సంబంధాలు వచ్చినప్పుడు ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తనే నిర్ణయించుకుంటోంది. ఈ ఉత్తరం చదివి తను ఒక్క మాట చేర్చమంది. అంగీకార పత్రంలో ఈ ప్రశ్న తెలుగులో, విడిగా ఉండాలనీ, దాన్ని అమ్మానాన్నలకంటే ముందు రోగినే అడగాలనీ కోరుతోంది. 19 ఏళ్ల వయసులో తన ఒంటికి సంబంధించిన ఆ కాగితం మీద సంతకాలు చేసింది నేనూ మా వారూ; దాన్ని తనకు చదివి వినిపించినవారు కూడా లేరు.

ఇట్లు,
ఒక తల్లి, ఉపాధ్యాయురాలు,
సూర్యాపేట జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)