రేటు బాగున్న ఏడాదే నిధి పెట్టండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. భీమవరం పక్క పల్లెలో చెరువులు కౌలుకు చేసుకునే రైతుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. రొయ్య రేటు పడినప్పుడల్లా సమావేశం పెడతారు. ఎగుమతిదారులు వస్తారు, మేత కంపెనీల వాళ్లు వస్తారు, కౌంటుకు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఇంత అని ఒక మాట అనుకుంటారు. రేటు కాస్త లేచాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. రేటు బాగున్న రోజుల్లో కూడా అలాంటి సమావేశం ఒకటి పెట్టి, రేటు పడే రోజుల కోసం ఒక నిధి పక్కన పెట్టండని అడగడానికే ఇది రాస్తున్నాను.

పడి లేవడం మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1994-95లో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను ఊడ్చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో తీరం వెంట చెరువులు ఉంటాయో పోతాయో తెలియని పరిస్థితి వచ్చింది. దాన్నుంచి తేరుకునేలోపు, మన సరుకు మరీ చౌకగా అమ్ముతున్నామంటూ అమెరికా యాంటీ డంపింగ్ సుంకం వేసింది. 2009లో వనామీ అనే కొత్త రకం రొయ్యకు అనుమతి వచ్చాక గానీ ఊపిరి అందలేదు. 2013లో థాయ్‌లాండ్ రొయ్యలు ఈఎంఎస్ జబ్బుతో చచ్చిపోయి ప్రపంచ మార్కెట్లో సరుకు కరువైతే మన రేటు ఎక్కడికో వెళ్లింది. ఒకసారి కొత్త జాతి ఆదుకుంది, ఇంకోసారి వేరే దేశం రైతుల నష్టం మనకు కలిసొచ్చింది. ఆ మంచి రోజుల్లో మనం వెనకేసుకున్నది మాత్రం ఏమీ లేదు. అందుకే 2020 లాక్‌డౌన్‌లో, మళ్లీ 2025లో చేతులు ఖాళీగా నిలబడ్డాం.

మంచి రోజులు మిగిల్చిన బరువు ఒకటుంది, కౌలు. ఆ రేట్లు చూసి వరి చేలు చెరువులైపోయాయి, ఎకరం కౌలు అమాంతం పెరిగింది. రేటు దిగాక కౌలు దిగలేదు. చాలాచోట్ల కౌలు సొమ్ము ముందే కట్టాలి. మేత అరువుకు తెస్తాం కాబట్టి, పట్టుబడి రోజున సరుకు ఆ మేత డీలరు చెప్పిన ఏజెంటుకే వెళ్తుంది. మేతలో వేసే సోయా ధర పెరిగిందని మేత రేటు వెంటనే పెంచుతారు, సోయా తగ్గినప్పుడు తగ్గించమంటే నెలలు పడుతుంది.

వడ్లయితే బస్తాల్లో పోసి నెల రోజులు ఆగొచ్చు. రొయ్యను చెరువులో ఆపితే రోజూ మేత వేయాలి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి, కరెంటు బిల్లు కట్టాలి. పైగా తెల్లమచ్చ వస్తుందో, విబ్రియో అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుందో అన్న టెన్షన్. అందుకే రేటు పడిందని తెలిసిన మర్నాడే కంగారుగా వలలు దింపేస్తారు. కిలోకి 40 రొయ్యలు తూగేదాకా పెంచాల్సిన చెరువును 100 కౌంటులోనే పట్టేస్తారు. ఊరంతా అదే పని చేస్తే 100 కౌంటు రేటు ఇంకా దిగిపోతుంది.

2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకం మాట వినపడగానే కొనేవాళ్లు 100 కౌంటు రేటు కూడా కోసేశారు. అమెరికా ఎక్కువగా కొనేది పెద్ద సైజు, చిన్న సైజు చాలా వరకు చైనా లాంటి దేశాలకు పోతుంది. మరి ఆ కోత దేనికి? ఆ పెద్ద సుంకాన్ని అమెరికా వారంలోనే 90 రోజులు వాయిదా వేసింది. చెరువు గట్టు మీద కోసిన రేటు అంత త్వరగా తిరిగి రాలేదు. ఆగస్టు 27న సుంకం 50 శాతానికి చేరినప్పుడు మళ్లీ అదే భయం, మళ్లీ అదే తొందర.

2023-24లో దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తుల విలువ రూ.60,523 కోట్లు. అందులో దాదాపు రూ.40 వేల కోట్లు ఫ్రోజెన్ రొయ్యలదే, ఏడు లక్షల టన్నులకు పైన. ఆ టన్నుల్లో మన రాష్ట్రం వాటా నాలుగింట మూడు వంతులనుకుంటే, కిలోకి రెండు రూపాయలు పక్కన పెట్టినా ఏడాదికి వంద కోట్లు దాటుతుంది. మంచి రేటున్న ఏడాదిలో రొయ్యలు శుభ్రం చేసి ఎగుమతికి పంపే ప్లాంట్ల దగ్గర అది తీయండి, రైతు రేటులోంచి మాత్రం కోయనివ్వకండి. రేటు పడినప్పుడు ఆ నిధితో రెండు మూడు వారాల కరెంటు, మేత అప్పు వడ్డీ భరించండి. రైతు ఆ కాసేపు ఆగగలిగితే చిన్న సైజు సరుకు ఒక్కసారిగా మార్కెట్ మీద పడదు. పోయిన రేటు మొత్తం పూడ్చమని నేను అడగడం లేదు, అది ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

ఆ సాయం చెరువు చేసేవాడికే చేరాలి. కరెంటు మీటరు యజమాని పేరున, పట్టా యజమాని పేరున ఉంటే కౌలు రైతు ఏ జాబితాలోనూ కనిపించడు. ఏ చెరువు ఎవరు చేస్తున్నారో గ్రామ సచివాలయంలో పంట పంటకూ రాయించండి.

ప్లాంట్లలో రొయ్యల తలలు తీసే ఆడవాళ్లను ఈ లెక్కలో కలపకపోతే అన్యాయం. తెల్లారకముందే వ్యాన్లెక్కి వెళ్తారు, ఐసు నీళ్లలో వేళ్లు పాసిపోతాయి. కిలోల లెక్కన కూలి వచ్చే చోట ఆర్డరు ఆగితే ఆ రోజు కూలి లేనట్టే. రేటు పడినప్పుడు పెట్టే సమావేశాల్లో వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు ఒక్కరూ ఉండరు. ఈసారి పిలవండి. పని లేని వారాలకు ఈ నిధి నుంచే కొంత ఇవ్వండి.

వేసవి పంటకు ఫిబ్రవరి నుంచి చెరువుల్లో సీడ్ (రొయ్య పిల్లలు) వదులుతాం. ఆలోపు ఈ నిధికి ఒక జీవో తెస్తే, ఎంత సీడ్ వదలాలో, ఎంత అప్పు చేయాలో మేం లెక్క వేసుకుంటాం.

ఇట్లు,
భీమవరం ప్రాంత ఆక్వా కౌలు రైతు