ఓపెనింగ్ నంబర్ అడుగు బిడ్డా

25 నవంబర్ 2023, శనివారం

చిరంజీవి సంధ్యకు మీ నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం తెలిసి పదహారు రోజులైంది. ఫోన్ మోగుతోంది, నువ్వు ఎత్తడం లేదు. వాట్సాప్‌లో రెండు గీతలు పడుతున్నాయి, నీలం రంగు రావడం లేదు. దీపావళికీ రాలేదు. చదువులో ఉన్నావనుకుందాం. దాని గురించి అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మన తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు దగ్గరికొచ్చాయి కదా, ఉద్యోగాల గురించి ఏ పార్టీ ఏం చెబుతోందో పేపర్లు ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాను. ఆ లెక్క నీకు చెబుదామని కూర్చున్నాను, అంతే.

పోస్టులో వేస్తే పోలింగ్ అయ్యాక చేరుతుంది. అందుకే వెంకన్న చేతికి ఇస్తున్నాను. రేపు పొద్దున డ్యూటీ దిగాక హైదరాబాద్‌లో అశోక్‌నగర్ దాకా వచ్చి హాస్టల్లో ఇస్తానన్నాడు. సంచిలో కారప్పూస, పల్లీ పొడి, ఉసిరికాయ పచ్చడి ఉన్నాయి. పచ్చడి సీసా నిలబెట్టి ఉంచు. పోయినసారి పడుకోబెట్టి నూనె అంతా బట్టలకు పట్టించావు. స్వెటర్ కూడా పెట్టింది మీ అమ్మ. లైబ్రరీలో రాత్రి దాకా కూర్చుంటే చలి వేస్తుందట. అసలు లైబ్రరీకి వెళ్తున్నావా?

సరే, లెక్కకు వస్తా.

నేను ముప్పై ఏళ్లు కండక్టర్‌గా చేశాను. మాకు ఎస్‌ఆర్ అని ఒక కాగితం ఉండేది, చిన్నప్పుడు నువ్వు దాని వెనక బొమ్మలు గీసేదానివి. ఒక్కో ధర టికెట్‌కు బండి కదిలేటప్పుడు ఓపెనింగ్ నంబర్ రాసుకోవాలి, స్టేజీ దాటాక క్లోజింగ్ నంబర్ రాయాలి. రెండింటికీ తేడా ఎంతో, సంచిలో అన్ని డబ్బులు ఉండాలి. ఓపెనింగ్ నంబర్ లేకుండా క్లోజింగ్ నంబర్ ఒక్కటే చూపిస్తే చెకింగ్ వాళ్లు ఒప్పుకోరు. ఈ మేనిఫెస్టోలనూ నేను అలాగే చదివాను.

ఓపెనింగ్ నంబర్ మనకు ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల జీతాలు సవరించడానికి వేసిన బిస్వాల్ కమిటీ (పీఆర్సీ) నివేదిక 2021 జనవరిలో బయటికొచ్చింది. మంజూరైన పోస్టులు 4,91,304. పనిచేస్తున్నది 3,00,178 మంది. ఖాళీలు 1,91,126. తర్వాత 2022 మార్చి 9న ముఖ్యమంత్రి అసెంబ్లీలో ఖాళీలు 91,142 అన్నారు. అందులో 11,103 కాంట్రాక్టు వాళ్లను రెగ్యులర్ చేసి, మిగతా 80,039 నోటిఫై చేస్తామన్నారు. రెండు లెక్కలకూ తేడా 99,984. ఏడాది రెండు నెలల్లో లక్ష ఖాళీలు ఎటుపోయాయో ఏ సభలోనూ ఎవరూ వివరంగా చెప్పగా నేను వినలేదు. నీ పుస్తకాల్లో ఎక్కడైనా ఉంటే నాకు చెప్పు.

కాంగ్రెస్ వాళ్లు మొదటి ఏడాదిలోనే రెండు లక్షల ప్రభుత్వ ఉద్యోగాలు అంటున్నారు. మే నెలలో సరూర్‌నగర్ సభలో నెలకు 4,000 నిరుద్యోగ భృతి కూడా చెప్పారు. జాబ్ క్యాలెండర్ పేపర్లో వేశారు, గ్రూప్-1 నోటిఫికేషన్ ఫిబ్రవరి 1న అని తేదీతో సహా. తేదీ వేయడం నాకు నచ్చింది. తేదీ వేసినవాణ్ని నిలదీయొచ్చు. ఆ పేపర్ చింపి బీరువాలో పెట్టాను. కానీ రెండు లక్షలు పన్నెండు నెలల్లో ఎలా అవుతుంది? నీ గ్రూప్-1 సంగతే చూడు. 503 పోస్టులకు 2022 ఏప్రిల్ 26న నోటిఫికేషన్ ఇచ్చారు. మూడు లక్షల ఎనభై వేల మంది అప్లై చేశారు. పంతొమ్మిది నెలలైంది, ఒక్కరికి కూడా ఆర్డర్ కాగితం రాలేదు. పేపర్ దిద్దాలి, మెరిట్ లిస్టు వేయాలి, సర్టిఫికెట్లు చూడాలి, ఎవరో ఒకరు కోర్టుకు వెళ్తారు. నెలకు పదహారు, పదిహేడు వేల మందిని తీసుకునే యంత్రాంగం ఆ పరీక్షలు పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో ఎక్కడుంది? ముందు దాన్ని బాగుచేస్తామన్న వాళ్ల మాటే నాకు ఎక్కువ ముఖ్యం.

బీఆర్ఎస్ వాళ్లు పదేళ్లలో లక్షా అరవై వేలు భర్తీ చేశామంటున్నారు. అక్టోబర్ 15న విడుదల చేసిన మేనిఫెస్టోలో రైతుబంధు పెంపు ఉంది, పింఛన్ పెంపు ఉంది, 400 రూపాయలకు గ్యాస్ ఉంది. వచ్చే ఐదేళ్లలో ఇన్ని కొలువులు అనే అంకె కోసం వెతికితే నాకు కనబడలేదు. 2018లో నెలకు 3,016 భృతి అన్నారు. ఐదేళ్లకు కూడితే మనిషికి 1,80,960 రూపాయలు. నీ హాస్టల్ ఫీజు మొత్తం అందులో వెళ్లిపోయేది. ఒక్క రూపాయి పడలేదు. అలాగని వాళ్లు చేసింది ఏమీ లేదని నేననను. పరిశ్రమలకు తొందరగా అనుమతులిచ్చే చట్టం తెచ్చారు, కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్‌కు పునాది పడింది. మన దండుమల్కాపూర్ పరిశ్రమల పార్కు 2019 నవంబర్‌లో మొదలైంది. మీ శ్రీను బావ అక్కడే ఒక కంపెనీలో ఉన్నాడు కదా. మొన్న జీతం చీటీ చూపించాడు, దాని మీద కంపెనీ పేరు లేదు, కాంట్రాక్టర్ పేరుంది. పన్నెండు గంటల షిఫ్టు. కొలువు వచ్చిందని లెక్కలో రాసుకునేటప్పుడు శ్రీనును కూడా ఒకటిగా రాస్తారు. అమెజాన్‌లో పనిచేసే పిల్లా ఒకటే, శ్రీనూ ఒకటే. ఈ తేడా అడిగేవాళ్లు ఏ పార్టీలోనూ నాకు కనబడలేదు.

బీజేపీ వాళ్లు యూపీఎస్సీ పద్ధతిలో ఆరు నెలలకోసారి పరీక్షలు పెడతామన్నారు. పద్ధతి మంచిదే. ఖాళీలు ఎన్ని, ఎంతకాలంలో అన్నది నాకు దొరకలేదు.

ఇంకొకటి గుర్తుపెట్టుకో, ఇది ఎవరు గెలిచినా ఒకటే. 2021లో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచారు. అంటే మూడేళ్లు ఎవరూ పెద్దగా రిటైర్ కాలేదు. ఆ వరుస 2024లో మళ్లీ మొదలవుతుంది. ఖాళీలు వాటంతట అవే వస్తాయి. అప్పుడు నీ వయసు 27 మాత్రమే. అంటే దారి మూసుకుపోలేదు. ఈ మాట నువ్వు రెండుసార్లు చదువు.

ఇక యాదమ్మత్త కొడుకు సైదులు వచ్చి ఒక మాట అన్నాడు. నిన్ను కొల్లాపూర్‌లో చూశాడట. అక్కడ ఇండిపెండెంట్‌గా నిలబడిన బర్రెలక్క ప్రచారంలో, మెడలో ఆమె గుర్తు ఈల వేసుకుని, కరపత్రాలు పంచుతున్నావట. హాస్టల్ గది ఖాళీ చేశావని కూడా అన్నాడు. సైదులు కళ్లు ఎంతవరకు నమ్మాలో మనకు తెలుసు, కాలువ అవతలి ఎకరం విషయంలోనూ అలాగే చూశానన్నాడు. నేను నమ్మలేదు. మీ అమ్మ నమ్మింది.

నిజమైనా నేను కోప్పడను. ఆ అమ్మాయి మీద నాకు గౌరవమే. డిగ్రీ చదివి ఉద్యోగం రాక బర్రెలు కాస్తున్నానని చెప్పినందుకు కేసు పెట్టించుకుంది. పెద్ద పార్టీల మధ్య నిలబడి ఉద్యోగాల మాట ఒక్కటే పట్టుకుంది. అంత ధైర్యం నాకు ఆ వయసులో లేదు. కానీ మొన్న ప్రచారంలో ఆమె తమ్ముణ్ని కొట్టారని టీవీలో చూశాను. హైకోర్టు భద్రత ఇమ్మన్నది ఆమెకు. కరపత్రాలు పంచే పిల్లలకు ఎవరిస్తారు?

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1978లో ఇంటర్ పాసై నల్లగొండ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో పేరు రాయించాను. ఒక కార్డు ఇచ్చేవాళ్లు. మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, మరిచిపోతే సీనియారిటీ పోతుంది. ఏ ఆఫీసులో ఖాళీ వచ్చినా ఎక్స్ఛేంజ్‌కు రాసేవాళ్లు, సీనియారిటీ ప్రకారం అక్కడి నుంచి పేర్లు వెళ్లేవి. ఆ కార్డు మడతల దగ్గర చినిగితే మైదా ఉడకబెట్టి అతికించాను. చొక్కా జేబులో పెట్టుకుంటే చెమటకు స్టాంపు సిరా అంటుకుపోతుందని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకునేవాణ్ని. నాలుగేళ్లు గడిచాయి. ఒక్క కాల్ లెటర్ రాలేదు.

1982 డిసెంబర్‌లో ఎన్నికలు వచ్చాయి. పోటీలో ఉన్న ఒకాయన, పేరు రాయను, మన వాడకట్టు పిల్లల్ని జీపెక్కించుకున్నాడు. నా భుజం మీద చేయి వేసి, గెలిచాక నీ చేతికి టికెట్ల ట్రే ఇప్పిస్తానన్నాడు. నేను నమ్మాను. ఇరవై రెండు రోజులు ఇంటి ముఖం చూడలేదు. ఊరూరా తిరిగి గోడల మీద సున్నం పూసి గుర్తులు రాశాను. అరచేతులు పగిలాయి. జీపు వెనక నిలబడి అరిచి అరిచి గొంతు పోయింది. జనవరి 5న పోలింగ్. ఆయన గెలిచాడు. ఆ తర్వాత ఎనిమిదిసార్లు ఆయన ఇంటికి వెళ్లాను. ఐదుసార్లు అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఆరోసారి నుంచి చాయ్ కూడా రాలేదు. ఎనిమిదోసారి, ఎవరబ్బాయివి నువ్వు అని అడిగాడు.

ఉగాదికి ముందు మీ నాయనమ్మ ఇల్లు అలుకుతూ దేవుడి గూట్లోంచి సామాన్లు దించింది. పటం వెనకాల ఒక ఖాకీ కవర్ ఉంది, అంచులు చెద తిన్నది. కాల్ లెటర్. డిసెంబర్ 27న ఇంటర్వ్యూకు రమ్మని. నేను జీపులో ఉన్న రోజుల్లో పోస్ట్‌మ్యాన్ ఇచ్చి వెళ్లాడు. మీ తాతకు చదువు రాదు. సర్కారు కాగితం కదా అని కళ్లకద్దుకుని దేవుడి దగ్గర భద్రంగా పెట్టాడు. నేను వచ్చాక చెప్పడం మరిచిపోయాడు. ఆయన్ని ఒక్క మాట అనలేదు నేను. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. మళ్లీ ఇంకో కాల్ లెటర్ వచ్చి కండక్టర్‌గా బస్సెక్కడానికి 1985 అయింది.

నువ్వు చేస్తున్నది అదే అని కాదు. నువ్వు ఏ పదవీ ఆశించి వెళ్లవు, నాకు తెలుసు. గ్రూప్-2 జనవరి 6, 7 తేదీల్లో అన్నారు. 783 పోస్టులకు ఐదున్నర లక్షల మంది. ఒక్కో పోస్టుకు ఏడువందల మంది. మళ్లీ వాయిదా పడొచ్చు, పడకపోవచ్చు కూడా. పడకపోతే నీకు మిగిలింది నలభై రెండు రోజులు. ఆ రోజులు నీవి. ఎవరి కోసం ఖర్చు పెట్టినా లెక్క చూసుకుని పెట్టు.

ఇలా పాఠం చెబుతానని మొదట అనుకోలేదు. గ్రూప్-1 మెయిన్స్‌కు ఎంపికైన 25,050 మందిలో నీ నంబర్ చూసిన రోజు మీ అమ్మ వీధంతా బెల్లం పంచింది. మార్చి 17న ఆ ప్రిలిమ్స్ రద్దయితే నువ్వు ఏడవలేదు. జూన్‌లో మళ్లీ రాశావు. సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేస్తే, పర్లేదు నాన్నా అన్నావు. ఆ పర్లేదు అన్నప్పటి నుంచే నాకు టెన్షన్. అక్టోబర్‌లో అశోక్‌నగర్ నుంచి టీవీలో వచ్చిన ఆ వార్త ఏమిటో రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఆ రాత్రి నీ గొంతు వినేదాకా మీ అమ్మ గడప దగ్గరే కూర్చుంది. ఇప్పుడు పదహారు రాత్రులైంది. నిద్రలో లేచి ఫోన్ చూస్తుంది, ఛార్జింగ్ అయిపోయిందేమోనని వైరు సర్దుతుంది.

కొల్లాపూర్‌లో ఉంటే అక్కడే ఉన్నానని చెప్పు. చదవబుద్ధి కావడం లేదంటే అదీ చెప్పు. ఇంటికొచ్చి నాలుగు రోజులు పడుకో, ఎవరూ ఏమీ అడగరు. పెళ్లి మాట ఎత్తవద్దని యాదమ్మత్తకు గట్టిగా చెప్పాను. వేళకు తిను. పొద్దున ఖాళీ కడుపుతో చాయ్ తాగకు, ఆ గ్యాస్ ట్రబుల్ మళ్లీ వస్తుంది. వెంకన్న హాస్టల్ దగ్గర నుంచి నాకు ఫోన్ చేస్తాడు. నువ్వు అక్కడ ఉంటే అతని ఫోన్‌లోనే ఒక్క మాట మాట్లాడు. లేకపోతే సంచి ఎవరికివ్వాలో గది పిల్లలకు చెప్పి ఉంచు, పచ్చడి పాడవుతుంది.

30న గురువారం పోలింగ్. నీ ఓటు మన బడిలోనే ఉంది. ఎవరికి వేస్తావో అడగను. 29 సాయంత్రం బస్సులు కిక్కిరిసి ఉంటాయి, మధ్యాహ్నమే ఎల్బీనగర్‌లో ఎక్కు, కిటికీ పక్క సీటు దొరుకుతుంది. ఎంత రాత్రయినా బస్టాండ్‌లో నేనుంటాను. నీ ఓటర్ స్లిప్ నిన్ననే ఇచ్చి వెళ్లారు. గూట్లో పెట్టనివ్వలేదు, నా చొక్కా జేబులోనే ఉంది.

మీ నాన్న