హోం మంత్రి గారికి బహిరంగ లేఖ: 'విప్లవ సాహిత్యం, 1 కట్ట' అంటే ఏమిటండీ?

గౌరవనీయులైన రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. సోదాల్లో రచయితల ఇళ్ల నుంచి పట్టుకెళ్లిన పుస్తకాలు, హార్డ్ డిస్కుల గురించి ఇంతకుముందు పంపిన వినతిపత్రాలు మీ పేషీకి చేరాయి. ఇన్‌వార్డు నంబర్లు పడ్డాయి కాబట్టి చేరాయనే అనుకుంటున్నాం. నంబరు తప్ప జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

సోదాలో ఏమేం దొరికాయో సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల నివేదిక ఎలా ఉంటుందో తమకు తెలియంది కాదు. "విప్లవ సాహిత్యం – 1 కట్ట. సీపీయూ – 1. సెల్‌ఫోన్లు – 2. చేతిరాత కాగితాలు – కొన్ని." కింద ఇద్దరు వీఆర్వోల సంతకాలు. అయిపోయింది.

కట్ట అంటే ఎన్ని? ఎవరు రాసినవి, ఎవరు అచ్చువేసినవి? మార్కెట్ యార్డులో ఉల్లిపాయల బస్తాకి కూడా తూకం రాస్తారు. స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువునూ జాబితాలో ఎక్కించి ఇంటివాళ్లకి నకలు ఇవ్వాలని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 103వ సెక్షన్ చెబుతోంది. 105వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ జాబితా రాయడం, సంతకాలు పెట్టడం కూడా వీడియోలో పట్టి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపమంది. సోదా వీడియోలు తీయడానికి పోలీసులకిచ్చిన ఈ-సాక్ష్య యాప్ పెట్టింది ఇందుకే కదా. జాబితాలో పేరు లేకపోతే ఏమవుతుందో చూడండి. అదే చట్టం 503వ సెక్షన్ కింద పుస్తకాలు వాపసు ఇప్పించమని పిటిషన్ వేస్తే, కోర్టు మొదట అడిగేది ఏ వస్తువు కావాలనే. కట్ట కావాలని అడగాలా? పేరు రాయని పుస్తకం పోయినట్టే లెక్క.

ఇక "నిషేధిత పుస్తకాలు" అనే మాట. పుస్తకాన్ని నిషేధించే అధికారం ఎస్సై గారికి లేదు, సీఐ గారికీ లేదు. అది ప్రభుత్వానిది, అదీ బీఎన్‌ఎస్‌ఎస్ 98వ సెక్షన్ కింద, కారణాలు చూపిస్తూ గెజిట్‌లో వేస్తేనే. కారణాలు చెప్పకుండా ఇచ్చిన జప్తు ఉత్తర్వు చెల్లదని హర్నాం దాస్ కేసులో సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. ఉత్తర్వు నచ్చనివాళ్లు రెండు నెలల్లోగా హైకోర్టుకు వెళ్లవచ్చు, ముగ్గురు జడ్జీల బెంచి వింటుంది. గెజిట్ లేని పుస్తకం మామూలు పుస్తకమే, దాని అట్ట ఎర్రగా ఉన్నా సరే. పైగా వెర్నన్ గొన్సాల్వెస్ కేసులో 2023 జులైలో సుప్రీంకోర్టే, హింసను ప్రచారం చేసే సాహిత్యమైనా సరే, దగ్గర ఉంచుకున్నంత మాత్రాన ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం కింద ఉగ్రవాద నేరం కాదంది. ఇవి తమ అధికారులకు తెలియవని అనుకోం. తెలిసే "కట్ట" అని రాస్తున్నారు.

2005 ఆగస్టులో విప్లవ రచయితల సంఘాన్ని (విరసం) నిషేధించారు. న్యాయమూర్తుల సలహా మండలి ఒప్పుకోలేదు, నవంబరుకల్లా ఎత్తేశారు. అప్పుడు కనీసం ఒక ఉత్తర్వు ఉంది, కొట్లాడటానికి ఒక కాగితం చేతిలో ఉంది. ఇప్పటి పద్ధతిలో ఆ ఇబ్బందే లేదు. ఎవరూ దేన్నీ నిషేధించరు. పట్టుకెళతారు, తిరిగి ఇవ్వరు, అంతే. అచ్చయిన పుస్తకమైతే ఇంకో ప్రతి ఎక్కడో దొరుకుతుంది. అచ్చు కానిది ఆ డిస్కులోనే ఉంటుంది.

అసలు బాధ అక్కడే ఉంది కాబట్టి కాస్త విడమరిచి చెబుతాం. తెలుగు పుస్తకాల పని ఇప్పటికీ చాలాచోట్ల పాత పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో జరుగుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే తెలుగు కనబడదు. ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొమ్మలూ కొక్కేలూ కలిసిన గజిబిజి వస్తుంది. చూసినవాళ్లకు అది రహస్య లిపి అనిపించవచ్చు. కాదండీ, అది అను ఫాంట్లలో ఒకటైన ప్రియాంక ఫాంటు. ఫాంటు ఎక్కిస్తే రెండు నిమిషాల్లో కవిత్వం బయటపడుతుంది. "చేతిరాత కాగితాలు – కొన్ని" అని రాసినవాటిలో రెండో ప్రూఫు ఉండొచ్చు. ఎర్ర ఇంకుతో దిద్దిన ఆ ఏ4 కాగితాలకు ఇంకో నకలు ఉండదు. డెమీ సైజులో 192 పేజీల పుస్తకమంటే, ఫారానికి 16 పేజీల లెక్కన, 12 ఫారాలు. పన్నెండు ఫారాల దిద్దుబాటు మళ్లీ మొదటి నుంచి చేయాలి, అదీ రచయితకు ఓపిక మిగిలి ఉంటే.

డిస్కును ఠాణాలో పెట్టి స్విచ్ వేయడం ఇంకో ముచ్చట. కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, విండోస్ తనంతట తానే లాగ్ ఫైళ్లు రాసుకుంటుంది, తేదీలు మారతాయి, డిస్కు హ్యాష్ విలువ (లోపలున్న డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) మారిపోతుంది. మధ్యలో ఎవరైనా ఏదైనా చేర్చారా అని రేపు ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు, రచయిత దగ్గరా ఉండదు. సరైన పద్ధతి కష్టమైనదేం కాదు. డిస్కును, దాని మీద కొత్తగా ఏమీ రాయనివ్వని రైట్ బ్లాకర్‌కు తగిలించి పూర్తి ఇమేజ్, అంటే ఉన్నది ఉన్నట్టుగా నకలు, తీయాలి. ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ లెక్కగట్టాలి. వచ్చిన 64 అక్షరాలనూ నివేదికలో రాసి ఇంటివాళ్లకి చూపించి సంతకం తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్‌కు కూడా ఎలాగూ ఆ హ్యాష్ కావాలి. ఒక టీబీ డిస్కుకు మూడు నాలుగు గంటలు పడుతుంది. తెల్లవారుజామున వచ్చి మధ్యాహ్నం దాకా ఇల్లంతా వెతికేవారికి ఆ టైము లేదంటే ఎలా నమ్మాలి? ఇంకో ఖాళీ డిస్కు మీద అదే ఇమేజ్ దించి ఇంటివాళ్లకి ఇస్తే మీ సాక్ష్యం మీ దగ్గరే ఉంటుంది, వాళ్ల రాత వాళ్ల దగ్గర ఉంటుంది. పూర్తి డిస్కు కుదరదంటే రాతప్రతి ఒక్కటే ఇవ్వండి. మూడు వందల పేజీల నవల యూనికోడ్‌లో రెండు ఎంబీ కూడా ఉండదు. మీ కానిస్టేబుల్ ఫోన్లో తీసే ఒక ఫొటో అంతకంటే పెద్దది.

ఎందుకీ తొందర అంటారేమో. మాల్‌ఖానా, అంటే ఠాణాలో స్వాధీనం చేసుకున్న వస్తువులు పెట్టే చోటు, ఏసీ గది కాదు. తిరక్కుండా ఏళ్ల తరబడి పడి ఉన్న పాత హార్డ్ డిస్కు మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. అరిగిన ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవు కరెంటు లేకుండా వేడిలో ఉంటే లోపలి చార్జి కారిపోయి ఫైళ్లు చెడతాయి. ఫోన్ బ్యాటరీ ఉబ్బి స్క్రీను లేచిపోతుంది. కేసు కొట్టేసిన రోజున చేతికి వచ్చేది ఇనుప పెట్టె.

సోదాలు కేంద్ర సంస్థ చేసిందంటారేమో. నిజమే, 2023 అక్టోబరు 2న రెండు తెలుగు రాష్ట్రాల్లో అరవైకి పైగా చోట్ల తిరిగింది జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏనే. గాంధీ జయంతిని బాగానే గుర్తుపెట్టుకున్నారు. దాని సంగతి ఢిల్లీలో అడుగుతాం. మీ ఠాణాల సంగతి మిమ్మల్నే అడగాలి కదా.

ఈ రాష్ట్రంలో ఈ రోజుకు జప్తు ఉత్తర్వు అమల్లో ఉన్న తెలుగు పుస్తకాలు ఏవి? పేరు, రచయిత, గెజిట్ తేదీతో జాబితా వెబ్‌సైట్లో పెట్టండి. ఒక పేజీ దాటదు. జాబితాలో లేని పుస్తకాన్ని ముట్టుకోవద్దని ఒక మెమో ఇవ్వండి. ముట్టుకుంటే పేరు రాయమనండి. డిస్కు తీసుకుంటే అదే రోజు హ్యాష్, అదే రోజు నకలు. ఇప్పటికే మాల్‌ఖానాల్లో ఉన్నవి ఎప్పుడు ఇస్తారో తేదీ చెప్పండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు ఆ జాబితా అయినా ఇవ్వండి సార్. అదీ కుదరదంటే, కుదరదనే రాసి సంతకం పెట్టి పంపండి. కోర్టుకు పట్టుకెళ్లడానికి అదైనా ఒక కాగితం.

ఇట్లు,
డీటీపీ, ప్రూఫు, ప్రచురణ పనుల్లో ఉన్న కొందరం

తా.క.: ప్రియాంక ఫాంటు కావాలంటే మేమే పంపుతాం. ఇన్‌వార్డు నంబరు అక్కర్లేదు.