ప్రమాద స్థలంలో ఎవరి మాట చెల్లాలి? విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం, విపత్తు నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. విశాఖ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మంటలు ఆర్పడంలోనే నా సర్వీసు చాలావరకు గడిచింది. ఈ లేఖలో కొత్త బండ్ల గురించో, ఖాళీ పోస్టుల గురించో అడగబోవడం లేదు. అవి అవసరమే, అడిగేవాళ్లూ చాలామంది ఉన్నారు. నేను అడిగేది పెద్దగా ఖర్చు లేని పని. పెద్ద ప్రమాదం జరిగిన చోట ఎవరి మాట చెల్లుతుందో ముందే తేల్చండి. ఆ మనిషికి అధికారం రాసివ్వండి. ఆ సంగతి కానిస్టేబుల్ నుంచి కలెక్టర్ దాకా అందరికీ తెలిసేలా చేయండి.

ఎందుకు అడుగుతున్నానో అర్థం కావడానికి ఒక సందర్భం చెబుతాను. ఒక కెమికల్ ఫ్యాక్టరీలో సాల్వెంట్ ట్యాంకు అంటుకుంది. మేం లోపలికి వెళ్లి, పక్క ట్యాంకు వేడెక్కకుండా నీళ్లు కొట్టడం మొదలుపెట్టాం. మండుతున్న ట్యాంకు ఎలాగూ దక్కదు, పక్కది పేలకుండా చూడటమే అలాంటప్పుడు మొదటి పని. ఇంతలో పోలీసు అధికారి వచ్చి, వెనక షెడ్డులో మనుషులున్నారట, అటు వెళ్లండి అన్నారు. ఫ్యాక్టరీ మేనేజరేమో షెడ్డులో ఎవరూ లేరు, ముందు ఇక్కడ ఫోమ్ కొట్టండి అన్నాడు. రెవెన్యూ అధికారి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, మంటలు ఎంతసేపట్లో అదుపులోకి వస్తాయో పైనుంచి అడుగుతున్నారు, చెప్పండి అన్నారు. బ్రాంచ్ (నీళ్లు కొట్టే పైపు కొస) పట్టుకున్న కుర్రాడు ఎటు తిప్పాలో తెలియక నా మొహం చూస్తున్నాడు.

అక్కడున్న వాళ్లలో ఎవరినీ తప్పుపట్టలేను. అందరిదీ ప్రాణాలు కాపాడాలన్న తాపత్రయమే. కానీ షెడ్డులో మనుషులున్నారా లేరా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టి, దాన్నిబట్టి నిర్ణయం తీసుకుని, అందరికీ ఒకే మాట చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలియదు. హాజరు రిజిస్టర్ తెప్పించి, గేటు బయట నిలబడ్డ షిఫ్టు వాళ్లను లెక్కపెడితే నిమిషాల మీద తేలే విషయం అది. ఆ రిజిస్టర్ తెమ్మని ఒకరు చెప్పడానికే చాలాసేపు పట్టింది.

దీనికి మందు మన దగ్గరే ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 జులైలోనే ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ పేరుతో మార్గదర్శకాలు విడుదల చేసింది. మేం ఐఆర్ఎస్ అంటాం. దీని మూలం కాలిఫోర్నియాలో ఉంది. 1970లో అక్కడ రోజుల తరబడి కార్చిచ్చులు చెలరేగి 16 మంది చనిపోయారు. తర్వాత లోపాలు వెతికితే బండ్లూ మనుషులూ చాలకపోవడం కన్నా, ఒక శాఖ వైర్‌లెస్ ఇంకో శాఖకు అందకపోవడం, ఎవరు ఎవరి కింద పనిచేయాలో తేలకపోవడం ఎక్కువ నష్టం చేశాయని తెలిసింది. ఆ అనుభవం నుంచి పుట్టిన పద్ధతినే మన జిల్లా పాలనకు తగ్గట్టు మలిచారు.

అందులో జిల్లా మొత్తానికి బాధ్యత కలెక్టర్‌ది. ఘటనా స్థలంలో పని నడిపించేది ఇన్సిడెంట్ కమాండర్. ఆయనకు తోడుగా ముగ్గురు ఉంటారు. ఒకరు మీడియాతో మాట్లాడతారు, ఒకరు వేర్వేరు శాఖల వాళ్లను కలుపుతారు, ఒకరు సిబ్బంది భద్రత చూస్తారు. కింద మూడు విభాగాలు. ఆపరేషన్స్ వాళ్లు మంటలార్పి మనుషుల్ని బయటికి తెస్తారు. ప్లానింగ్ వాళ్లు వచ్చే కొన్ని గంటల్లో ఏం చేయాలో రాసి పెడతారు. లాజిస్టిక్స్ వాళ్లు తిండి, డీజిల్, క్రేన్లు, బిల్లుల సంగతి చూస్తారు. ప్రతి మనిషికీ ఒక్కరే పై అధికారి. ఒక్కో అధికారి కింద నేరుగా పనిచేసేవాళ్లు ఐదుగురు ఉంటే మేలు. ప్రమాదం ఎలాంటిదో చూసి ఆపరేషన్స్ అధిపతిని పెట్టాలి. కాబట్టి కెమికల్ మంటలకు ఆ స్థానం అగ్నిమాపక అధికారికి ఇవ్వడానికి ఏ అడ్డూ లేదు. ఇదంతా చదివినప్పుడు నాకు ఎంతో ధైర్యం కలిగింది. అయితే ఈ మార్గదర్శకాలు కలెక్టరేట్ బీరువా దాటి ఘటనా స్థలానికి రావడం చాలా అరుదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు ఏం జరిగిందో మీకు తెలుసు. 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు వీధుల్లోనే పడిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నా ఒక్కచోట కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే చెప్పింది. సైరన్ మోగించకపోవడం కంపెనీ తప్పు. మన వైపు నుంచి నేను అడిగేది వేరే. గాలిలో ఏముందో తెలియని చోటికి పోలీసులు, 108 వాళ్లు, మా వాళ్లు ఉత్త చేతులతో పరుగెత్తారు. వాళ్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ, మాస్కు లేకుండా ఇక్కడి నుంచి ఒక్క అడుగు ముందుకు వేయొద్దు అని ఆపే సేఫ్టీ ఆఫీసర్ ఆ గంటలో ఉండాలి. కాపాడటానికి వెళ్లినవాడే పడిపోతే, వాణ్ణి మోయడానికి ఇంకో ఇద్దరు కావాలి.

ఆ రోజు రాత్రి గుర్తు చేసుకోండి. మళ్లీ లీకైందని ఒక మాట వచ్చింది. లేదు, ముందుజాగ్రత్తగా మాత్రమే ఖాళీ చేయిస్తున్నామని ఇంకో మాట వచ్చింది. ఎన్ని కిలోమీటర్ల దాకా ఖాళీ చేయాలన్నదాని మీద కూడా స్పష్టత లేదు. దూరంగా, ఏ ప్రమాదమూ లేని కాలనీల వాళ్లు కూడా పిల్లల్ని ఎత్తుకుని అర్ధరాత్రి రోడ్ల మీదకి వచ్చారు. అలాంటి రాత్రి జనానికి ఒక్క గొంతు వినిపించాలి. కమాండర్ ఆమోదించిన ప్రకటన తప్ప, ఏ శాఖ అధికారి అయినా సరే, ఎంత పెద్దవారైనా సరే, విడిగా మాట్లాడకూడదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు, వార్డుకో సీనియర్ అధికారిని పెట్టారు, డ్రోన్లతో ఆహారం పంపారు. సాయం వేగంగా కదిలిందంటే అందుకే, కాదనను. కానీ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు, పొట్లాలు, సిబ్బంది, బాధితులు అంతా ఒకచోటే కిక్కిరిసిపోయారు. రోడ్డుకు దగ్గర ఉన్నవాళ్లకు అన్నం అందుతుంటే, లోపలి వీధుల్లో మేడల మీద ఉన్నవాళ్లు మంచినీళ్ల కోసం కేకలు వేశారు. ఐఆర్ఎస్‌లో స్టేజింగ్ ఏరియా అని ఒకటి ఉంది. వచ్చిన ప్రతి పడవ, ప్రతి లారీ ముందు అక్కడ ఆగి పేరు రాయించుకోవాలి. ఏ వీధికి ఏది వెళ్లిందో, ఏ వీధికి ఇంకా వెళ్లలేదో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఆపదలో ఇదేం గుమాస్తాగిరి అని చాలామంది విసుక్కుంటారు. ఆ పుస్తకం లేకపోతే ఒక వీధికి మూడుసార్లు పొట్లాలు అందుతాయి, పక్క వీధికి ఒక్కసారీ అందవు.

మంత్రి గారూ, ఇక్కడ మీకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. పెద్ద ప్రమాదం జరిగితే మీరు వస్తారు. రావాలి కూడా, జనానికి అది ధైర్యం. అయితే మీ కాన్వాయ్ వచ్చిన క్షణం నుంచి పని నడిపిస్తున్న అధికారి ఆ పని వదిలి మీ ముందు నిలబడతారు. మీ వెనక ఎమ్మెల్యేలు, వాళ్ల వెనక కెమెరాలు. అటు లోపల ఉన్న సిబ్బంది వైర్‌లెస్‌లో పిలుస్తూనే ఉంటారు. ప్రజాప్రతినిధులు వచ్చినప్పుడు ఇన్సిడెంట్ కమాండర్ తన పోస్టు వదిలి రానక్కరలేదనీ, వివరాలు చెప్పడానికి విడిగా ఒక అధికారి ఉంటారనీ మీరే ఒక ఆర్డర్ ఇప్పించండి. ఒక డీఎస్పీకో తహసీల్దారుకో మంత్రిని ఆగమని చెప్పే ధైర్యం తనంతట తనకు రాదు. ఆ ధైర్యం మీ సంతకంతోనే రావాలి.

డబ్బు సంగతి కూడా ఇలాంటిదే. రాత్రి రెండు గంటలకు క్రేన్ కావాలంటే కింది అధికారి వెనకాడతాడు. టెండర్ లేకుండా పిలిస్తే రేపు బిల్లు ఎవరు పాస్ చేస్తారని భయం. విపత్తు నిర్వహణ చట్టం 2005లోని 50వ సెక్షన్ ఇలాంటి అత్యవసర కొనుగోళ్లకు టెండర్ల నుంచి మినహాయింపు ఇస్తుంది. ఆ అధికారాన్ని ఎంత మొత్తం దాకా వాడుకోవచ్చో కమాండర్ చేతికి ముందే రాసిస్తే ఆ వెనకాడటం ఉండదు.

పద్ధతి కాగితం మీద ఉంటే చాలదని మాంచెస్టర్ చూపించింది. బ్రిటన్‌లో పోలీసు, ఫైర్, అంబులెన్స్ ముగ్గురూ ఒకేచోట చేరి, కలిసి నిర్ణయం తీసుకోవాలని స్పష్టమైన నియమాలున్నాయి. 2017 మే 22 రాత్రి అక్కడి అరీనాలో బాంబు పేలి 22 మంది చనిపోయారు. ఒక్కో సర్వీసూ ఒక్కో చోట చేరింది. ఫైర్ సర్వీసు ఘటనా స్థలానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. గాయపడినవాళ్లు పడి ఉన్న హాల్లోకి మొదటి 40 నిమిషాల్లో ఒక్క పారామెడిక్ మాత్రమే వెళ్లారు. బండ్లు లేక కాదు, మనుషులు లేక కాదు. ఆ వైఫల్యాలన్నీ బహిరంగ విచారణలో బయటపడ్డాయి, 2022లో నివేదికగా అచ్చయ్యాయి. అంత శిక్షణ, అంత డబ్బు ఉన్న దేశంలోనే అలా జరిగితే, ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు శాఖకో వైర్‌లెస్ ఛానల్ పెట్టుకున్న మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

మన మాక్ డ్రిల్స్ మార్చాల్సింది అందుకే. ప్రమాదకర రసాయనాల 1989 నాటి నిబంధనల ప్రకారం, ఫ్యాక్టరీ బయటి ప్రాంతాలకు సంబంధించిన అత్యవసర ప్రణాళికను ఏడాదికి ఒకసారైనా రిహార్సల్ చేయాలి. డ్రిల్ ఎలా జరుగుతుందో చెబుతాను. వారం ముందే తేదీ తెలుస్తుంది. షామియానా వేస్తారు. పదకొండు గంటలకు పొగ వస్తుంది, బండ్లు గేటు దగ్గరే సిద్ధంగా ఉంటాయి, ఫొటోలు దిగి టీ తాగి వెళ్తారు. నీళ్లు కొట్టడం మాకు వచ్చు, దానికి ఆ రిహార్సల్ అక్కరలేదు. రిహార్సల్ కావాల్సింది కమాండ్‌కి. చెప్పకుండా, రాత్రిపూట డ్రిల్ పెట్టండి. మొదట చేరుకున్న స్టేషన్ ఫైర్ ఆఫీసర్ కమాండ్ తీసుకోవాలి. అరగంట తర్వాత ఆర్డీవో వస్తే ఏం జరిగింది, ఎవరు ఎక్కడున్నారు, ఇంకా ఏం కావాలి అన్నది ఒక్క కాగితం మీద చూపించి అప్పగించాలి. అప్పగించిన సంగతి వైర్‌లెస్‌లో అందరికీ వినిపించాలి. మధ్యలో సెల్ సిగ్నల్ లేదనుకోండి అని ఫోన్లు పక్కన పెట్టించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ఫోన్లు పనిచేయక ఎన్ని తిప్పలు పడ్డామో అక్కడ ఉన్నవాళ్లందరికీ తెలుసు.

జిల్లా, డివిజన్, మండల స్థాయిల్లో స్పందన బృందాలు ఉండాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2022లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. డివిజన్లు మారాయి, అధికారులు మారుతూనే ఉన్నారు. ప్రతి బదిలీ తర్వాత ఆ బృందాల జాబితాను పేర్లతో, ఫోన్ నంబర్లతో సరిచేసి ప్రతి పోలీస్ స్టేషన్, ఫైర్ స్టేషన్, 108 కేంద్రంలో గోడకు అంటించండి. అచ్యుతాపురం, పరవాడ లాంటి చోట్ల దీన్ని మొదట చేయండి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో 17 మంది పోయారు. ఆ ప్రాంతంలో మళ్లీ ప్రమాదం జరగదని ఎవరం చెప్పగలం? కమాండర్ వేసుకునే జాకెట్ మీద ఆ హోదా తెలుగులో, పెద్ద అక్షరాలతో, రాత్రి లైటు పడితే మెరిసేలా రాయించండి. పక్క జిల్లా నుంచి వచ్చిన బండి డ్రైవర్‌ ఎవరి దగ్గరికి వెళ్లాలో వెతుక్కునే అవసరం ఉండదు.

ఇక 2027లో గోదావరి పుష్కరాలు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర మొదటి రోజే తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. తొక్కిసలాటలో మనుషుల్ని బయటికి లాగడానికి దొరికేవి నిమిషాలే. కాబట్టి ఇక్కడ కమాండ్ ఉండాల్సింది ప్రమాదం జరగకముందే. ప్రతి ఘాట్‌కీ ఒక్క కమాండర్‌ను ఇప్పుడే నియమించండి. జనం ఇంత దాటితే లోపలికి రానివ్వకుండా ఆపే అధికారం ఆయనకు ఉండాలి. ఎవరి స్నానం కోసమైనా గేటు తీయాలా, మూయాలా అన్నది కూడా ఆయన మాటే కావాలి. రైల్వే వాళ్లు, దేవాదాయ శాఖ వాళ్లు, మున్సిపాలిటీ వాళ్లు ఆయనతో ఒకే గదిలో కూర్చోవాలి, ఎందుకంటే ఘాట్ నిండిపోయిందని తెలిసినా రైళ్లు జనాన్ని గోదావరి స్టేషన్‌లో దించుతూనే ఉంటే కింద ఎంత పోలీసు ఉన్నా లాభం లేదు. ఆ పేర్ల జాబితా పుష్కరాలకు కనీసం ఆరు నెలల ముందు పత్రికల్లో ప్రకటించండి. ఆ అధికారులను పుష్కరాలు ముగిసేదాకా బదిలీ చేయకండి. వాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు మాలాంటి రిటైరైన వాళ్లను పిలిస్తే, ఏ గౌరవ వేతనం లేకుండా వచ్చి తెలిసింది చెబుతాం.

ఇట్లు,
అగ్నిమాపక శాఖ విశ్రాంత ఉద్యోగి,
విశాఖపట్నం