అమ్మ చదువుకునేలా తెలుగులో రెండు ముక్కలు

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవుల్లో అమ్మను, పిల్లలను తీసుకుని ఢిల్లీ వెళ్లాం. జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియంలో గంటసేపు చూసి వచ్చేద్దాం అనుకున్నవాళ్లం, మూసే వేళ వరకు ఉండిపోయాం. మొహెంజొదారోలో 1926లో దొరికిన నాట్యగత్తె కంచు బొమ్మ దగ్గర మా పాప ఆశ్చర్యపోయింది. "పుస్తకంలో పెద్దగా ఉంది కదా నాన్నా!" అంది. అసలు బొమ్మ 10.5 సెంటీమీటర్లే, అర జానెడు కూడా లేదు. నడుం మీద చెయ్యి, ఎడమ చేతికి భుజం దాకా గాజులు. పిల్లలిద్దరూ అద్దానికి ముక్కులు ఆనించి చూశారు.

ఈ లేఖ రాస్తున్నది మాత్రం ఆ తర్వాత జరిగిన దాని గురించి. నాగార్జునకొండ శిల్పాల దగ్గరకు రాగానే అమ్మ కదల్లేదు. ఆమె పుట్టిన ఊరు నాగార్జునసాగర్ ముంపులో పోయింది. నీళ్లు రాకముందు 1954 నుంచి 1960 వరకు కొండ దగ్గర తవ్వకాలు జరిగేనాటికి అమ్మ చిన్నపిల్ల. "ఇది మా వైపు రాయేరా. మా ఇంటి అరుగు కూడా ఇట్టాంటి రాయే" అంది. సుమారు 1700 ఏళ్ల కిందట ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురే ఈ నాగార్జునకొండ. పల్నాటి సున్నపురాతి మీద చెక్కిన ఆడవాళ్ల కాళ్ల కడియాలను వేలితో చూపించి, "దీని గురించి ఏం రాశార్రా?" అని అడిగింది. అమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. ఇంగ్లిష్‌లో ఉన్నది చదివి నాకు చేతనైనంత చెప్పాను.

ఒక పలక మీద స్తూపం, దాని ముందు ఐదు స్తంభాలు ఉన్నాయి. అవేంటని బాబు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాక తెలిసింది, అవి ఆయక స్తంభాలట, అంటే స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన అరుగుల మీద ఐదేసి చొప్పున నిలబెట్టే స్తంభాలు. ఆంధ్రదేశపు స్తూపాల ప్రత్యేకత. మన గడ్డ మీద పుట్టిన సంగతి మన పిల్లలకు అక్కడే, మన భాషలోనే తెలియాలి కదా!

ఢిల్లీలోని కేంద్ర సచివాలయ భవనాలు నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్‌లలో 'యుగే యుగీన్ భారత్' పేరుతో కొత్త జాతీయ మ్యూజియం పెడతామని కేంద్రం 2023లో ప్రకటించింది. అక్కడ ప్రతి వస్తువు పక్కనా హిందీ, ఇంగ్లిష్‌లతో పాటు అది దొరికిన ప్రాంతపు భాషలో కూడా రెండు ముక్కలు రాయాలని నా విన్నపం. అమరావతి శిల్పానికి తెలుగు, చోళుల కంచు విగ్రహానికి తమిళం. మక్కీకి మక్కీ అనువాదం వద్దు. ఆయక స్తంభమంటే ఏమిటో అమ్మలాంటివాళ్లకు కూడా అర్థమయ్యేలా రాసేవాళ్లు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఈ విషయం కేంద్రాన్ని ఇప్పుడే అడగాలి. బోర్డులు తయారయ్యాక అడిగితే ఆలస్యమైపోతుంది. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే డెబ్బై దాటినవాళ్లు కూడా ఎవరి సాయం లేకుండా చదువుకుంటారు.

- ఒక పాఠకుడు, మాచర్ల