కొనేవాళ్ల చేతులు చూడండి

మన కూరగాయల రైతుల గ్రూపులోని అన్నలకు, అక్కలకు నమస్కారం. ఈ వారం నెల్లూరు రైతుబజారులో మన బల్ల దగ్గర మూడు రోజులు నిలబడి కొనేవాళ్లను గమనించాను. ధర అడగకముందే చేయి కాయ మీద పడుతోంది. ఒక పెద్దామె బెండకాయ కొన విరిచి చూసింది. టప్పున విరగలేదు. ఐదు రూపాయలు తగ్గిస్తామన్నా వద్దని వెళ్లిపోయింది. నాకు చాలా బాధేసింది, తప్పు మనదే కదా. బెండ రోజు విడిచి రోజు కోయాల్సిందే, ముదిరినవి గంపలో కలపొద్దు. వంకాయకైతే ముచ్చిక పచ్చగా ఉందా అనే చూస్తున్నారు.

టమాటా దోరవి, పండినవి వేరువేరుగా పోయండి. ఆ పూట పప్పుకు పండినవి, నాలుగు రోజులు దాచుకోవడానికి దోరవి అడుగుతున్నారు. పావుకిలో చాలన్నవాళ్ల మీద దయచేసి విసుక్కోకండి, ఇద్దరే ఉండే ఇళ్లు ఎన్నో.

నిమ్మ సంగతి వేరు. పొదలకూరు, గూడూరు మార్కెట్లలో రేటు బయటి రాష్ట్రాల ఎండలను బట్టి కదులుతుంది. కార్తీకంలో మాత్రం చాలా ఇళ్లలో నీచు మానేస్తారు, కూరగాయలకు గిరాకీ ఉంటుంది. ఆకుకూర విత్తనం నెల ముందే చల్లుకోండి.

రేపటి నుంచి ఎవరైనా కొనకుండా వెళ్లిపోతే, ఏ కాయ చూసి వెళ్లారో రాత్రికి ఈ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి.